నిలువెత్తు బొమ్మకు మనిషి కొలతలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ముఖం దాకా చక్కగా వచ్చి, మెడ దాటగానే బొమ్మ చెయ్యి జారిపోతోందా? ఈ జవాబులు అలాంటివాళ్ళ కోసమే. బొమ్మలు నేర్పేటప్పుడు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగిన ప్రశ్నలివి. పెన్సిలు, కాగితం, ఎదురుగా ఒక మనిషి ఉంటే చాలు.

మనిషి ఎత్తు ఇన్ని తలలు అంటారు. ఆ లెక్క ఏమిటి?

నడినెత్తి నుంచి గడ్డం కింది అంచు దాకా ఉన్న పొడవు ఒక తల. మనిషి మొత్తం ఎత్తులో అది ఎన్నిసార్లు పడుతుందో అదే లెక్క. సెంటీమీటర్లు వాడితే ప్రతి కాగితానికీ లెక్క మార్చుకోవాలి. తలతో కొలిస్తే బొమ్మ అరచేతంత ఉన్నా, గోడంత ఉన్నా లెక్క ఒకటే.

ఒక జాగ్రత్త ఉంది. కొలవాల్సింది పుర్రెను, జుట్టును కాదు. ఒత్తుగా దువ్విన జుట్టును కూడా తలలో కలిపేస్తే మొదటి కొలతే తప్పుతుంది, ఆ తప్పు కింద ఏడుసార్లు పేరుకుంటుంది. ముందు బోడితల గీసి, జుట్టు తర్వాత పెట్టండి.

ఏడున్నర తలలా, 8 తలలా? ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు.

రెండూ నిజమే, కాకపోతే వేరువేరు మనుషుల గురించి. మామూలు పెద్దవాళ్ళు ఏడున్నర తలలకు కాస్త అటూ ఇటూ ఉంటారు. 8 తలలనేది అందంగా సాగదీసిన లెక్క, బొమ్మలో హుందాగా ఉంటుంది. కథానాయకుల్లాంటి బొమ్మలకు ఎనిమిదిన్నర దాకా, ఫ్యాషన్ బొమ్మలకు 9, ఇంకా పైకీ వెళ్తారు.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. మనుషుల ఎత్తులో ఉన్నంత తేడా తలల పొడవులో ఉండదు. 165 సెంటీమీటర్ల మనిషికి తల 22 సెంటీమీటర్లు అనుకుందాం, సరిగ్గా ఏడున్నర. అదే 22 సెంటీమీటర్ల తల 150 సెంటీమీటర్ల మనిషికి ఉంటే ఏడుకు కొంచెం తక్కువే. 180 సెంటీమీటర్ల మనిషికి తల 23 ఉన్నా దాదాపు 8కి దగ్గరపడుతుంది. అందుకే బొమ్మలో పక్కన గుమ్మమో కుర్చీయో లేకపోయినా, తల ఎంత పెద్దదో చూసి ఆ మనిషి పొట్టో పొడుగో మన కన్ను చెప్పేస్తుంది.

పోర్ట్రెయిట్ వేసేవాళ్ళు ఏడున్నరతో మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం. ఎనిమిదితో మొదలుపెడితే అందరూ మోడళ్ళలా తయారవుతారు.

8 తలల లెక్కలో ఏ గీత మీద ఏది వస్తుంది?

నిటారుగా, ఎదురుగా నిలబడ్డ మనిషికి పై నుంచి లెక్కపెట్టండి. మొదటి తల గడ్డం దగ్గర ఆగుతుంది. రెండోది చనుమొనల దగ్గర, మూడోది బొడ్డు దగ్గర, నాలుగోది తొడలు కలిసే చోట. అక్కడికి సగం మనిషి అయిపోయాడు. అయిదోది తొడ నడిమికి, ఆరోది మోకాటి చిప్ప కిందికి, ఏడోది పిక్క కింది భాగానికి, ఎనిమిదోది అరికాలికి.

ఇందులో బాగా గుర్తుపెట్టుకోవాల్సింది నాలుగోదే. ఒంట్లో సగం బొడ్డు దగ్గరుందనుకుని గీసేవాళ్ళు చాలామంది. సగం దాని కంటే కిందే ఉంది. అది పైకి జరిగితే మనిషి కొంగలా, కిందికి జరిగితే మరుగుజ్జులా వస్తాడు.

ఏడున్నర అయితే ఆ అర తల ఎక్కడ తీసేయాలి?

ఎక్కడా తీసేయక్కర్లేదు, కాగితాన్ని మడవండి. బొమ్మలో మనిషి ఎత్తుకు సరిపోయే కాగితపు పట్టీ కత్తిరించి, పై అంచు కింది అంచును తాకేలా సగానికి మడిచి, మళ్ళీ అలాగే సగానికి మడవండి, నాలుగు సమాన భాగాలొస్తాయి. నడిమి మడత తొడలు కలిసే చోటు. పై మడత చనుమొనల ఎత్తు. కింది మడత మోకాలి కింద. తల ఎన్నోవంతైనా ఈ మూడు గీతలు పెద్దగా మారవు. పైన తలను మాత్రం మొత్తం ఎత్తులో ఏడున్నరో వంతుగా విడిగా గుర్తుపెట్టుకోండి.

తలలు లెక్కపెట్టడం కంటే నాకు ఈ మడత పద్ధతే ఇష్టం. పై నుంచి ఒక్కో తలా పేర్చుకుంటూ వస్తే చిన్న చిన్న తప్పులు కలిసి కాళ్ళ దగ్గర పెద్దవవుతాయి. సగం చేసుకుంటూ వస్తే అలా పేరుకోవు.

నాకెప్పుడూ పాదాలకు చోటు చాలదు. ఏం చేయాలి?

ముందు పాదాల చోటే ఖాయం చేయండి. కాగితం మీద నెత్తికి ఒక గీత, మడమలకు ఒక గీత. బొమ్మ ఆ రెండింటి మధ్యే ఉండాలి, ముఖం ఎంత ముద్దొచ్చినా సరే. ఏ4 కాగితం ఎత్తు 29.7 సెంటీమీటర్లు. పైనా కిందా ఖాళీ వదిలి 24 సెంటీమీటర్ల మనిషిని వేద్దామనుకుంటే తల 3.2 సెంటీమీటర్లే వస్తుంది. ఒకసారి స్కేలు పెట్టి చూడండి, "ఇంత చిన్నదా!" అనిపిస్తుంది. ఆ ఆశ్చర్యంలోనే జబ్బు దొరికిపోయింది. మనుషుల్లో మనం చూసేది ముఖం కాబట్టి మన చెయ్యి దాన్ని పెద్దది చేస్తుంది, ఆ తర్వాత ఒంటికి చోటుండదు.

అంత చిన్న తలలో కళ్ళూ ముక్కూ పోలికతో గీయలేకపోతే కాగితం పెద్దది తీసుకోండి. తలను మాత్రం పెంచకండి.

చేతులు ఎక్కడిదాకా రావాలి?

వేలాడేసిన చేతికి మోచెయ్యి నడుము దగ్గర, పక్కటెముకలు ముగిసే చోట వస్తుంది. మణికట్టు తొడలు కలిసే ఎత్తులో, వేళ్ళ కొసలు తొడ నడిమిదాకా. రెండు చేతులూ బారచాపితే ఆ బార ఇంచుమించు మనిషి ఎత్తు. మూర కూడా అంతే, ఎవరి మూరతో కొలిచినా వాళ్ళు సుమారు నాలుగు మూరలుంటారు.

అరచెయ్యి అందరూ చిన్నగా గీసేదే. మీ మణికట్టును గడ్డానికి ఆనించి అరచేతిని ముఖం మీద పెట్టుకుని చూడండి, మధ్యవేలి కొస నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటికి చేరుతుంది. పాదం ఇంకా మోసం చేస్తుంది. అది దాదాపు మణికట్టు నుంచి మోచేతి మడత దాకా ఉన్నంత పొడుగు, అంటే తల కంటే ఎక్కువే. ఎదురుగా చూసినప్పుడు కుదించుకుపోయి కనిపిస్తుంది కాబట్టి మనం నమ్మం.

భుజాలు ఎంత వెడల్పు ఉండాలి?

మగవాళ్ళకు సుమారు రెండు తలల పొడవు, ఆడవాళ్ళకు అంతకంటే కొంచెం తక్కువ. ఇక్కడ "తల" అంటే తల ఎత్తే, వెడల్పు కాదు. ఎదురుగా చూస్తే తల వెడల్పు దాని ఎత్తులో మూడింట రెండు వంతులే.

చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, పెన్సిలుతో కొలుస్తారు కదా. అదెలా?

దీన్ని నెమ్మదిగా చేసి చూడాలి. మనిషి మీకు నాలుగు మీటర్ల దూరంలో నిలబడ్డాడనుకోండి. చెయ్యి పూర్తిగా చాచండి, మోచెయ్యి వంగకూడదు. ఒక కన్ను మూయండి. పెన్సిలు మొన ఆ మనిషి నడినెత్తికి తగిలినట్టు పట్టుకుని, బొటనవేలి గోరును గడ్డం దాకా జరపండి. మొన నుంచి గోరు దాకా ఉన్నదే మీ తల కొలత. ఇప్పుడు గోరు కదలకుండా చేతిని కిందికి దించి, మొనను గడ్డానికి ఆనించండి. గోరు చొక్కా మీద ఎక్కడ ఆగింది? రెండో గుండీ దగ్గరా, జేబు అంచు దగ్గరా? ఆ చోటు గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దించండి. అలా బూట్ల దాకా.

మోచెయ్యి ఏమాత్రం వంగినా కొలత మారుతుంది, ఎందుకంటే పెన్సిలు కంటికి దగ్గరవుతుంది. చెయ్యి నొప్పెట్టి ముడిచారంటే మళ్ళీ తల నుంచి కొలవాల్సిందే. మీరు మధ్యలో ఒక అడుగు ముందుకు జరిగినా అంతే. మీ కాళ్ళ దగ్గర నేల మీద సుద్దతో గీత గీసుకోండి.

వెడల్పులకు పెన్సిలును అడ్డంగా తిప్పి అదే కొలతతో చూడాలి. నిలువు గీతలకు దారానికి ఏదైనా బరువు కట్టి వేలాడదీయండి. ముక్కు కొస కింద ఏ బూటు వస్తోంది, చెవి కింద భుజం ఎక్కడుంది అనేవి ఆ దారం చెప్పినంత కచ్చితంగా కొలతలు కూడా చెప్పవు.

కొలతలన్నీ సరిగ్గానే పెట్టాను. అయినా ఆ మనిషిలా లేడు!

నాకు వచ్చే ప్రశ్నల్లో అన్నిటికంటే మంచిది ఇదే. జవాబు చెప్పే ముందు నా పరువు పోయిన సంగతి ఒకటి చెప్పాలి.

కొత్తలో ఒక పెద్దాయన నిలువెత్తు బొమ్మ వేసిపెట్టమన్నారు. రెండు రోజులు ముఖంతో కుస్తీ పట్టాను, పోలిక బాగా కుదిరింది. ఒళ్ళు మాత్రం నేర్చుకున్న 8 తలల లెక్కతో ఒక్క పూటలో దించేశాను. బొమ్మ చూసి ఆయన భార్య కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "ముఖం ఈయనదేనండీ. ఒళ్ళు ఎవరిది?" అన్నారు. ఆయన పొట్టిమనిషి. మెడ తక్కువ, నడుము దాకా బలంగా పొడుగ్గా ఉండి, కాళ్ళు దగ్గరపడినట్టుంటాయి. ఇంటికెళ్ళి ఆయన ఫోటోలు కొలిస్తే ఏడు తలలు కూడా లేరు. నేను ఆయన్ని ఒక తల కంటే ఎక్కువే సాగదీశాను.

ఇంట్లోవాళ్ళు మనిషిని వీధి చివరే గుర్తుపడతారు కదా, అప్పుడు ముఖం కనబడుతుందా? భుజాలు వాలిన తీరు, మెడ పొడవు, నడుం పైనా కిందా ఉన్న తేడా, మోకాళ్ళు దగ్గరగా ఉన్నాయా దూరంగా ఉన్నాయా అనేవి చూసి పోల్చుకుంటారు. నిలువెత్తు బొమ్మలో పోలిక అక్కడే ఉంది. ప్రామాణిక కొలత మనకు ఇచ్చేది మనిషిని కాదు, ఆ మనిషి ఎక్కడ తేడాగా ఉన్నాడో పట్టుకునే స్కేలును.

అందుకని నేనిప్పుడు గీయడానికి ముందు కాగితం మూల రెండు మూడు ముక్కలు రాసుకుంటాను. "ఆరు ముప్పావు తలలు. సగం గీత బెల్టు కింద నాలుగు వేళ్ళకు. కుడి భుజం దిగువ." ఆ తేడాలను బొమ్మలో సర్దేయకూడదు. వీలైతే పిసరంత పెంచాలి కూడా. పుట్టుకతో కాళ్ళూ చేతులూ పొట్టిగా ఉన్నవాళ్ళకు, వెన్ను వంగినవాళ్ళకు ఏ పట్టికా పనికిరాదు, ఎదురుగా ఉన్న మనిషే పట్టిక.

ఆడవాళ్ళకు వేరే కొలతలు ఉన్నాయా?

తలల లెక్క అదే. మారేది వెడల్పుల మధ్య సంబంధం. సాధారణంగా మగవాళ్ళలో భుజాలు తుంటి కంటే బాగా వెడల్పు, ఆడవాళ్ళలో ఆ తేడా తక్కువ. నడుము సన్నబడే చోటు కూడా కాస్త పైన కనిపిస్తుంది. ఇవి సగటు మాటలే, విశాలమైన భుజాల ఆడవాళ్ళూ సన్నభుజాల మగవాళ్ళూ బోలెడంతమంది.

పిల్లల బొమ్మ వేస్తే చిన్న సైజు పెద్దమనిషిలా వస్తోంది.

పిల్లలంటే పెద్దవాళ్ళను చిన్నగా చేసినవాళ్ళు కాదు కాబట్టి. అప్పుడే పుట్టిన బిడ్డ ఎత్తు సుమారు 4 తలలే. రెండు మూడేళ్ళకు 5 తలల దగ్గరికి, ఆరేళ్ళకు 6 తలల దగ్గరికి, పదేళ్ళకు ఆరున్నర, ఏడు మధ్యకు వస్తారు. తల కొంచెమే పెరుగుతుంది, కాళ్ళు చాలా పెరుగుతాయి. పసిబిడ్డకు ఒంట్లో సగం బొడ్డు దగ్గర ఉంటుంది, పెరిగేకొద్దీ అది కిందికి జారుతుంది. అంటే పెద్దవాళ్ళ విషయంలో తప్పని ముందు చెప్పిన గీతే పసివాళ్ళకు ఒప్పు.

భుజాలు కూడా చూసుకోండి. రెండేళ్ళ పాపకు భుజాలు రెండు తలలంత పెడితే పహిల్వాను అవుతుంది. చిన్నపిల్లలకు మెడ దాదాపు కనబడదు, ముఖంలో కళ్ళు సగం గీతకు కొంచెం కిందికి ఉంటాయి, నుదురు పెద్దది.

వయసు మీరినవాళ్ళకు?

వెన్నెముక కుదించుకుని వంగుతుంది, తల ముందుకొస్తుంది, మోకాళ్ళు పూర్తిగా నిటారుకావు. కాళ్ళ ఎముకలు మాత్రం పొట్టికావు. కాబట్టి తగ్గిన ఎత్తంతా నడుము పైనే తగ్గించాలి. చేతులు మునుపటి పొడవే కాబట్టి వేళ్ళు తొడ మీద ఇంకాస్త కిందికి చేరతాయి.

కూర్చున్న మనిషికి లెక్క ఎలా?

కుర్చీ మీద నిటారుగా కూర్చుంటే సీటు నుంచి నెత్తి దాకా సుమారు 4 తలలు, నేల నుంచి సీటు దాకా ఇంచుమించు 2. మొత్తం 6 అవుతుంది. నేల మీద కూర్చుంటే ఆ నాలుగే. పక్క నుంచి చూస్తే పిరుదుల వెనక నుంచి మోకాలి ముందు దాకా రెండు తలలకు పైనే ఉంటుంది. ఎదురుగా చూస్తే ఆ తొడ పొడవంతా మాయమై, మోకాళ్ళు పెద్దవిగా కనిపిస్తాయి.

మరి మన వైపు చాచిన చెయ్యి, కాలు?

అక్కడ తలల లెక్క పక్కన పెట్టేయండి. మనకు తెలిసిన పొడవుకూ కంటికి కనిపించే పొడవుకూ పోటీ పెట్టి, ఎప్పుడూ కంటినే గెలిపించాలి. మన వైపు చూపిస్తున్న చేతిలో అరచెయ్యి ముఖమంత ఉండి, మోచేతి దాకా ఉన్నదంతా రెండు వేళ్ళ వెడల్పులో ముగిసిపోవచ్చు. ఏది దేని ముందు ఉందో, ఏ అంచు దేన్ని కప్పుతోందో చూసి గీస్తే లోతు వస్తుంది. చుట్టూ ఉన్న ఖాళీ ఆకారాలను గీయడం ఇంకా తేలిక, ఎందుకంటే ఖాళీకి ఎంత పొడవుండాలో మన బుర్రకు ముందే అభిప్రాయం ఉండదు.

నా బొమ్మల్లో మనుషులు స్తంభాల్లా నిలబడతారు.

బరువు రెండు కాళ్ళ మీదా సమానంగా పెట్టి ఉంటారు. మనుషులు ఎక్కువసేపు అలా నిలబడరు. ఒక కాలి మీద బరువు వేస్తే ఆ వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం సాధారణంగా కిందికి దిగుతుంది. భుజాలకు ఒక వాలు గీత, తుంటికి దానికి ఎదురు వాలు గీత ముందే గీసేసుకోండి. మెడ గుంట నుంచి దారం వదిలితే బరువు మోస్తున్న పాదం దగ్గరికి రావాలి. రాకపోతే బొమ్మ పడిపోతున్నట్టుంటుంది. ఈ వాలులో కొలతల గీతలు కూడా వంగుతాయి, రెండు మోకాళ్ళు ఒకే ఎత్తులో ఉండవు.

ఫోటో చూసి వేయొచ్చా?

వేయొచ్చు, ఫోటో ఎలా తీశారన్నదే చిక్కు. ఫోన్లో మామూలు లెన్స్ వెడల్పుగా చూస్తుంది కాబట్టి, ఫ్రేము నింపడానికి దగ్గరికెళ్ళి తీస్తాం. నిలబడి ముఖం ఎత్తులో ఫోను పట్టుకుని దగ్గర నుంచి తీస్తే తల పెద్దదై కాళ్ళు సన్నగా కుంచించుకుపోతాయి. కూర్చుని కింద నుంచి తీస్తే కాళ్ళు తాటిచెట్లు. కనీసం నాలుగైదు మీటర్లు వెనక్కి వెళ్ళి, ఫోను నడుము ఎత్తులో నిటారుగా పట్టుకుని, జూమ్ చేసి తీయండి. ఎవరో ఇచ్చిన పాత ఫోటో తప్ప గతి లేకపోతే ముందు తలలు లెక్కపెట్టండి. పెద్దమనిషి ఫోటోలో ఆరు తలలే వచ్చాయంటే, నిజంగా పొట్టివాడా, లెన్స్ చేసిన పనా అని ఇచ్చినవాళ్ళనే అడగాలి.

బట్టలు అన్నీ కప్పేస్తుంటే కొలతలు ఎందుకు?

బట్ట వేలాడేది ఒంటి మీద నుంచే కదా. భుజం కొన, మోచెయ్యి, తుంటి, మోకాలు, ఈ నాలుగు చోట్ల బట్టలో ముడతలు పుడతాయి. పొడవాటి గౌను కింద మోకాలు ఎక్కడుందో సన్నగా గీసుకోకపోతే కాళ్ళు ఎటు పోయాయో చూసేవాళ్ళకు తెలియదు. బెల్టును నమ్మకండి, ఎవరికి నచ్చిన చోట వాళ్ళు కట్టుకుంటారు. ఎత్తు మడమల చెప్పులుంటే ఆ ఎత్తు తలల లెక్కకు బయట కలపాలి.

ఈ లెక్కలు ఎవరు కనిపెట్టారు? పాతవాళ్ళ కొలతలు ఇప్పుడు పనికొస్తాయా?

ఒక్కరని చెప్పలేం. ప్రాచీన ఈజిప్టు చిత్రకారులు గళ్ళు గీసుకుని, నిలబడ్డ మనిషిని పాదం నుంచి నుదుటి జుట్టు దాకా 18 గళ్ళలో వేసేవారు. గ్రీకు శిల్పి పాలిక్లైటస్ క్రీస్తు పూర్వం 5వ శతాబ్దంలో కొలతల మీద ఒక గ్రంథమే రాశాడు. తర్వాతి శతాబ్దంలో లిసిప్పస్ తలలు చిన్నవి చేసి మనుషులను పొడుగ్గా మలిచాడు. రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ తల ఎత్తులో ఎనిమిదో వంతనీ, గడ్డం నుంచి జుట్టు మొదలు దాకా పదో వంతనీ రాశాడు. దాన్ని పట్టుకునే లియొనార్డో డావించీ 1490 ప్రాంతంలో వృత్తంలో, చతురస్రంలో నిలబడ్డ మనిషి బొమ్మ వేశాడు.

ఆ బొమ్మలో నాకు నచ్చే చిన్న విషయం పాదం. విట్రూవియస్ పాదం ఎత్తులో ఆరో వంతన్నాడు, లియొనార్డో తన బొమ్మ కింద ఏడో వంతని రాసుకున్నాడు. గురువు మాటనూ కొలిచి చూశాడన్నమాట. మామూలు మనుషుల్లో అది ఆ రెండింటి మధ్య ఉంటుంది. జర్మనీ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ ఇంకా ముందుకెళ్ళాడు. 1528లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఒకే ఆదర్శ కొలత కాకుండా లావు, సన్నం, పొట్టి, పొడుగు రకరకాల ఒళ్ళకు వేరువేరు కొలతలు ఇచ్చాడు. పోర్ట్రెయిట్ వేసేవాళ్ళకు ఆయనే దగ్గరి చుట్టం.

మన శిల్పశాస్త్రాల్లో ఉండే నవతాళం, దశతాళం అనే మాటలను 9 తలలు, 10 తలలు అనుకుని కంగారు పడేవాళ్ళున్నారు. తాళం అంటే తల కాదు. జుట్టు మొదలు నుంచి గడ్డం దాకా ఉన్న ముఖం, అంటే 12 అంగుళాలు. ఈ అంగుళం కూడా స్కేలు మీదది కాదు, వేలి వెడల్పు లెక్క. ముఖం తల కంటే చిన్నది కాబట్టి తాళాల అంకె తలల అంకె కంటే ఎప్పుడూ పెద్దగానే ఉంటుంది.

అందానికి సూత్రమని చెప్పే బంగారు నిష్పత్తి (సుమారు 1:1.618) వాడాలా?

అవసరం లేదు. లియొనార్డో ఆ బొమ్మ దగ్గర రాసుకున్నవి కూడా నాలుగో వంతు, ఎనిమిదో వంతు, పదో వంతు లాంటి మామూలు భిన్నాలే.

తప్పు ఉందని తెలుస్తోంది, ఎక్కడో తెలియడం లేదు.

అద్దంలో చూడండి. తిరగబడిన బొమ్మను కన్ను కొత్తగా చూస్తుంది, ఒరిగిన భుజం, పొడుగైన కాలు వెంటనే పట్టుబడతాయి. అప్పటికీ దొరక్కపోతే మీ బల్లను అనుమానించండి. కాగితాన్ని బల్ల మీద పడుకోబెట్టి గీస్తే దాని పైభాగం మనకు దూరంగా, కుదించినట్టు కనిపిస్తుంది. దాన్ని సరిచేస్తున్నామనుకుని తలను, భుజాలను సాగదీస్తాం. బొమ్మను గోడకు ఆనించగానే బయటపడుతుంది. పెద్ద బొమ్మలకు బోర్డును ఏటవాలుగా నిలబెట్టుకుని గీయడం అందుకే.

కొలత గీతలు ఎప్పుడు చెరపాలి?

బట్టల ముడతలు పూర్తయ్యాక. ముఖం బాగా వచ్చిందని సంబరపడి ముందే చెరిపేస్తే, బూట్లు గీసేసరికి సగం గీత ఎక్కడుండేదో మళ్ళీ వెతుక్కోవాలి. సన్నగా, గట్టి పెన్సిలుతో, నొక్కకుండా గీసుంటే చెరపడం ఎంతసేపు? నడిమి గీతను మాత్రం నేను చివరిదాకా ఉంచుతాను.